ఎంతమంది?

మా మొగుడంపల్లిలో ఆడమనిషి గడప దాటితే ఎదురయ్యే మొదటి ప్రశ్న “ఎక్కడికి?” అని కాదు, “ఎవరెవరు పోతున్రు?” అని. పెళ్ళికి బయలుదేరినా అదే, ఆస్పత్రికి బయలుదేరినా అదే. నేను రోజూ జహీరాబాదుకు, కాలేజీకి, వెళ్ళే బస్సులో కండక్టరు కూడా “ఎంతమంది?” అనే అడుగుతాడు. 2023 డిసెంబరు నుంచీ తెలంగాణలో ఆడవాళ్ళకు ఆర్డినరీ బస్సులలో చార్జీ లేదు గదా, ఆయన చేతిలోని మిషను సున్నా రూపాయల టిక్కెట్టు ఇస్తుంది. డబ్బు అక్కర లేకపోయినా తలల లెక్క మాత్రం అక్కరే! “ఒక్కటే” అంటాను. పంతొమ్మిదేళ్ళుగా అంటున్న మాట.

అమ్మ వున్నన్నాళ్ళూ ఆ మాటలో నాకు విశేషమేమీ వినిపించలేదు. పొద్దున ఒక్కదాన్నే పోయినా సాయంత్రం వచ్చేసరికి వాకిట్లో వేపచెట్టు కింద ఆవిడ కూర్చుని వుండేది. సంక్రాంతికి ముందు ఆవిడ కాలం చేసింది. నాకు నలభై ఆరేళ్ళు, పెళ్ళి కాలేదు. ఎందుకు కాలేదన్నది వేరే కథ. దానికి పత్రికవారు ఇచ్చిన జాగా చాలదు. కర్మ నాడు వచ్చిన చుట్టాలందరూ ఒకే మాట అని వెళ్ళారు: “ఒక్కదానివి ఎట్లుంటవు?” ఆ మాట అన్నవారు సమాధానం కోసం ఆగరు. అది ప్రశ్న కాదు, తీర్పు.

అమెరికాలో వున్న మా తమ్ముడు మాత్రం ఆగాడు. ఆగి, ఒక ఉపాయం కూడా చెప్పాడు. మట్టిమిద్దె ఇల్లు అమ్మేయడం, హైదరాబాదులో మా పెదనాన్నగారి అమ్మాయి వుండే ఇళ్ళ సముదాయంలోనే ఒక చిన్న ఫ్లాటు కొనడం, నేను బదిలీ పెట్టుకోవడం. ఇల్లు కొనేవాళ్ళు సిద్ధంగానే వున్నారట. “తోడుంటది గదక్కా” అన్నాడు. వేసవి సెలవులకు విమానం టిక్కెట్టు పంపి, వచ్చినప్పుడు మాట్లాడుకుందామన్నాడు. వాడి మీద నాకు కోపం లేదు. వాడిది ప్రేమే. కాని ప్రేమతో చెప్పిన మాటను కాదనడానికి కారణం వెతుక్కోవడం మహా కష్టం సుమండీ!

వాళ్ళు వుండేది కాలిఫోర్నియాలో, లాస్ ఏంజిలిస్‌కు దక్షిణాన అర్వైన్ అనే వూళ్ళో. అక్కడికి దగ్గరలోనే ఆనహైమ్, అందులో డిస్నీలాండు. ఒక శనివారానికి అందరికీ టిక్కెట్లు కొన్నారు. ఒక్కొక్క టిక్కెట్టు నూరు డాలర్లకు పైమాటే. సరిగ్గా శుక్రవారం రాత్రి చిన్నవాడికి జ్వరం తగిలింది. టిక్కెట్లను ఇంకో తేదీకి మార్చుదామని తమ్ముడు ఫోను తీశాడు.

“నాది మార్చకు. పొద్దున నన్ను గేటు దగ్గర దింపు, చాలు” అన్నాను.

మరదలు గిన్నె కడగడం ఆపింది. “ఒక్కరే ఎట్ల పోతరు వదినా?”

“అక్కా, అది మన ఝరాసంగం జాతర కాదు” అన్నాడు తమ్ముడు.

ఏమి కాదు? మా చిన్నతనంలో శివరాత్రికి కేతకీ సంగమేశ్వరస్వామి జాతరకు వెళ్ళేవాళ్ళం. అమ్మ తన కొంగు చివర నా చేతికి కట్టి, నా ఓణీ చివర వీడి చేతికి కట్టేది. ముగ్గురం ఒకే తాడుకు కట్టిన మేకల్లాగా గుండంలో స్నానం చేసి, రంగులరాట్నం చూసి, పేలాలు కొనుక్కుని వచ్చేవాళ్ళం. ఆ తమ్ముడే మర్నాడు పొద్దున కారులో నా ఫోనులో పటాలవీ పెట్టి, తన నంబరు కాగితం మీద రాసి నా సంచీలో వేసి, అది చాలదన్నట్టు ఇంకొక కాగితం నా సల్వారు జేబులో కుక్కాడు. కొంగు ముడి అన్నది వంశంలో వుండి పోతుంది కాబోలు.

లోపలికి అడుగుపెట్టగానే నాకు తోచినది, ఈ జనంలో ఒంటరిగా వున్న మనిషిని నేనొక్కతెనే అని. తండ్రుల భుజాల మీద పిల్లలు, తోపుడు బండ్లలో పిల్లలు, ఒకే రంగు చొక్కాలు తొడిగి వీపు మీద తమ ఇంటిపేరు అచ్చు వేయించుకున్న బలగాలు! పెళ్ళివారు విడిదికి వెళుతున్నట్టుంది. నావంటి దానికి ఆ వీధిలో ఎటు చూడాలో తోచదు. అందుకని మేడలను చూశాను.

మెయిన్ స్ట్రీట్ అనే ఆ వీధిలో ఒక కిటుకు వుంది. పై అంతస్తులు కింది అంతస్తులకన్నా చిన్నవిగా కట్టారు. అందుచేత మేడ వున్న ఎత్తుకన్నా ఎత్తుగా కనిపిస్తుంది. వీధి చివర వున్న రాజకుమారి కోట కూడా అంతే. డెబ్బై ఏడు అడుగులే. పైకి పోయినకొద్దీ రాళ్ళు చిన్నవి. మన గోపురాల అంతస్తులు పైకి పోయినకొద్దీ తగ్గడం నేను చిన్నప్పటినుంచీ చూస్తున్నదే గాని, కంటికి ఇంత మోసం చేయవచ్చునని ఎన్నడూ ఆలోచించలేదు. 1957లో వచ్చిన ‘మాయాబజార్’లో ద్వారకానగరం కూడా బొమ్మ ఇళ్ళే గదా. మన మయుడికి, కె.వి. రెడ్డిగారికి, ఈ వాల్ట్ డిస్నీకి ఎక్కడో చుట్టరికం వుండాలి.

ఈ స్థలం ఒకప్పుడు నారింజతోట. నూట అరవై ఎకరాలు. 1954లో పని మొదలుపెట్టి సుమారు ఒక్క ఏడాదిలో కట్టి, 1955 జూలై 17న తలుపులు తీశారు. ఆ రోజు ఎండకు కొత్త తారు మెత్తబడి ఆడవాళ్ళ జోళ్ళ మడమలు దిగబడ్డాయట. గొట్టాలు వేసేవారి సమ్మె వల్ల తాగేనీళ్ళకు కటకట అయిందట. మన జాతరలు వేయిరెట్లు నయం! 1959లో రష్యా నాయకుడు క్రుశ్చేవు చూడబోతానంటే భద్రత చాలదని పంపలేదు. 1961 నవంబరులో నెహ్రూగారు ఇందిరాగాంధీతో కలిసి వస్తే డిస్నీయే దగ్గరుండి చూపించాడు. అంతటి పండితుడికీ కూతురు తోడు వుంది.

మొట్టమొదట అడవిలో పడవ ప్రయాణం అన్నచోట వరసలో నిలబడ్డాను. చివరకు చేరాక, టోపీ పెట్టుకున్న కుర్రవాడు “హౌ మెనీ?” అన్నాడు. ఎంతమంది? సప్తసముద్రాలు దాటి వచ్చినా కండక్టరు నన్ను వదలలేదు! “వన్” అన్నాను. వినపడలేదు. మళ్ళీ అడిగాడు. వెనక వందమంది. ఇక లాభం లేదని ఒక వేలు పైకెత్తి చూపించాను. అతను నా వెనక ఎవరైనా వున్నారా అని చూడలేదు, ‘అయ్యో’ అనలేదు. ఒక ముసలమ్మకూ పడవ అంచుకూ మధ్య వున్న ఖాళీ చూపించి, వెనకవాళ్ళను “హౌ మెనీ?” అన్నాడు. అంతే. పడవ నడిపే పిల్ల చెప్పిన హాస్యాలు నాకు సగమే అర్థమయ్యాయి. మా క్లాసులో నా హాస్యాలకు పిల్లలు నవ్వేది కూడా సగమే గనుక నాకేమీ కొత్తగా లేదు. యంత్రపు ఏనుగులు తొండాలతో నీళ్ళు చిమ్మాయి. అవి మన దేశపు ఏనుగులేనట. 1962 నుంచీ అక్కడ స్నానం చేస్తూనే వున్నాయి.

ఎండ ముదిరింది. చల్లగా వుంటుందని వీధి మొదట్లోని నాటకశాలలోకి దూరితే, అక్కడ నేను వెతకని వస్తువొకటి కనిపించింది. పార్కులో వేసే మామూలు బల్ల. లాస్ ఏంజిలిస్‌లోని గ్రిఫిత్ పార్కు నుంచి తెచ్చిన బల్ల అది. డిస్నీ తన కూతుళ్ళు డయానునూ షారనునూ అక్కడికి తీసుకుపోయి రంగులరాట్నం ఎక్కించి, తాను బల్ల మీద ఒంటరిగా కూర్చుని పల్లీలు నములుతూ వుండేవాడట. పిల్లలకు ఆట, పెద్దవాడికి కాపలా. పెద్దలూ పిల్లలూ కలిసి ఆడుకునే చోటు ఒకటి వుంటే బాగుండునన్న ఆలోచన ఆ బల్ల మీదే పుట్టిందని ఆయనే చెప్పుకున్నాడు.

నేను ఆ బల్ల ముందు చాలాసేపు నిలబడిపోయాను. ఒక మనిషి కాసేపు ఒంటరిగా కూర్చోవలసి వస్తే, ఇంకెవరూ అలా కూర్చోకూడదని ఇంత వూరు కట్టాడు! ఆ వూరికి నేను పనిగట్టుకుని ఒక్కదాన్నే వచ్చాను. కాని ఆయన ఒంటరిగా కూర్చోకపోతే ఆలోచన పుట్టేది కాదు గదా. ఈ సంగతి ఆయన లెక్కలో పడిందో లేదో.

బయటకు వచ్చి చూస్తే ఆ చౌకులోనే అగ్నిమాపకశాల. దాని మీది గదులలో డిస్నీ అప్పుడప్పుడు వుండేవాడు. 1966 డిసెంబరు 15న ఆయన పోయాడు. ఆ కిటికీలో దీపం మాత్రం వెలుగుతూనే వుంచుతున్నారు. అమ్మను పడుకోబెట్టిన చోట మేము పదిరోజులు దీపం పెట్టాం. వీళ్ళు అర్ధశతాబ్దం దాటినా తీయలేదు.

తెలుగు చెప్పుకు బతికేదాన్ని గనుక, నడుస్తూ నడుస్తూ మాటల్లో పడ్డాను. ‘ఏకాంతం’ అంటే గౌరవం. తిరుమలలో స్వామికి రాత్రి చివరి సేవ పేరు ఏకాంతసేవ. ‘ఏకాకి’ అంటే జాలి. ‘ఒంటరి’ అంటే జాలితోపాటు కొంచెం అనుమానం, ఆడదాని విషయంలో మరీను. మనిషి అదే, గది అదే. చూసేవాళ్ళను బట్టి మాట మారుతుంది. ఇంకో తమాషా: ‘ఒంటి’ అంటే ఒకటి అనీ అర్థం, ‘ఒంటి మీద’ అన్నప్పుడు ఒళ్ళు అనీ అర్థం. ఈ ఒంటికి ఆ ఒంటి ఎంత దగ్గరో!

ఒంటిగంట దాటాక ఆకలి వేసింది. తినుబండారాలు లోపలికి తీసుకుపోనిస్తారని తెలుసుకుని మరదలు సద్ది కట్టింది: రెండు జొన్నరొట్టెలు, పల్లీల తొక్కు. ఒక మూల దుకాణం ముందు ఒకాయన పియానో వాయిస్తూంటే, పక్కన కుర్చీలో కూర్చుని మూట విప్పాను. ఎదుటి కుర్చీలో డెబ్బై ఏళ్ళావిడ, గడ్డిటోపీ పెట్టుకుని, కాలితో తాళం వేస్తూ వుంది. కాసేపటికి అదేమిటని అడిగింది. సగం రొట్టె తుంచి ఇచ్చాను. తొక్కు తగలగానే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి గాని వదిలిపెట్టలేదు.

“ఒక్కరే వచ్చారా?” అన్నది ఇంగ్లీషులో.

“ఒక్కదాన్నే.”

“మంచి పని చేశారు” అన్నది.

నలభై ఆరేళ్ళలో ఆ మాటకు ఈ జవాబు వినడం నాకు అదే మొదలు. ఏదో బహుమతి వచ్చినట్టయింది. ఆవిడ ఇల్లు నాలుగు వీధుల అవతలేనట. ఏడాదికి సరిపడా పాసు వుంది. భర్త బతికి వున్నప్పుడు ఇద్దరూ వచ్చి ఈ పియానో వినేవాళ్ళు. ఆయన పోయాక ఒక్కతే వస్తుంది. “మొదట్లో పక్క కుర్చీలో నా సంచీ పెట్టుకునేదాన్ని, ఎవరూ కూర్చోకుండా. ఆ తరవాత సంచీ నా ఒళ్ళో పెట్టుకోవడం నేర్చుకున్నాను” అన్నది. ఎన్నాళ్ళకు నేర్చుకున్నారని అడుగుదామనుకున్నాను. ఇంతలో పియానో ఆయన ఆవిడకు తెలిసిన పాట ఏదో ఎత్తుకున్నాడు.

అన్నీ ఇంత సవ్యంగా జరిగాయని అనుకోకండి. ‘చిన్న ప్రపంచం’ అనే పడవలో నాకు గుండె పట్టేసింది. 1964లో న్యూయార్కు ప్రపంచ ప్రదర్శనకు యూనిసెఫ్ పేరిట తయారుచేసిన బొమ్మలకొలువు అది. 1966లో ఇక్కడికి తెచ్చారు. దేశదేశాల పిల్లల బొమ్మలు ఒకే పాట పాడుతూ ఆడతాయి. 2022లో చక్రాల కుర్చీలో కూర్చున్న బొమ్మలను కూడా చేర్చారు. “ఎంతమంది?” అన్నారు, వేలు చూపించాను, పడవ మొదటి బెంచీ అంతా నాకే ఇచ్చారు. నలుగురు పట్టే బెంచీ. మన తాజమహలు, మన బొమ్మలు వచ్చేసరికి “అమ్మా, సూడే” అంటూ పక్కకు తిరిగాను.

ఒంటరితనం అంటే అదే అనుకుంటాను. తినేటప్పుడు రాదు, నడిచేటప్పుడు రాదు, దారి తెలియనప్పుడు కూడా రాదు. చెప్పవలసిన మాట నోట్లోకి వచ్చి, వినవలసినవారు లేనప్పుడు వస్తుంది. దానికి హైదరాబాదు ఫ్లాటులో పక్కవాటాలో ఎవరున్నా చేయగలిగింది లేదు. ఆ బెంచీ మీద ఎవర్ని కూర్చోబెట్టినా నేను తిరిగింది అమ్మకోసమే గదా. పాట గోలలో నా తెలుగు ఎవరికీ వినపడలేదు. మిగతా బొమ్మలన్నీ అమ్మకు చెపుతూనే చూశాను.

సాయంకాలం మాటర్‌హార్న్ కొండ ఎక్కాను. స్విట్జర్లాండులోని కొండకు నకలు. నూట నలభై ఏడు అడుగులు. 1959లో ఉక్కు గొట్టాలతో పట్టాలు వేసి దాని మీదుగా బండ్లు దొర్లించారు. అటువంటి పట్టాలు మొట్టమొదట వేసింది ఇక్కడేనట. 1978లో లోపల ఒక యతిని కూడా పెట్టారు. మన హిమాలయాల యతికి స్విట్జర్లాండులో ఏం పనో మరి!

మామూలు వరస గంటకు పైగా వుంది. దాని పక్కన ఇంకొక దారి, ‘ఒక్కరికి’ అని. కుటుంబాలు, స్నేహితులు ఎక్కగా బండిలో ఒక సీటు మిగిలిపోతే, దాన్ని నింపడానికి ఒక్కొక్కరుగా వచ్చినవారిని పిలుస్తారు. ఆ దారిలో ఎంతమంది వున్నారనుకున్నారు! పొద్దున నేనొక్కతెననుకున్నానా? పాతికమంది దాకా వున్నారు. ఒక పోలీసాయనలాంటి భారీమనిషి, ఒక కాలేజీ పిల్ల, పుస్తకం చదువుకుంటున్న ఒక నడివయసు ఆయన. జనంలో వున్నప్పుడు కనిపించరు; ఎందుకంటే ఒంటరివాడి పక్కన ఎవరో ఒకరు నడుస్తూనే వుంటారు గదా.

ఇది దయ కాదు. లెక్క. సీటు ఖాళీగా పోతే కంపెనీకి దండుగ. అయినా నాకు ఆ లెక్క నచ్చింది. జాలికన్నా నిజాయితీగా వుంది. పదిహేను నిమిషాలలో పిలుపు వచ్చింది. ఆరు సీట్ల బండి, ఐదుగురు కుటుంబం, ఆరవ సీటు నాది. పొద్దున గొణిగిన దాన్ని, ఈసారి అతను నోరు తెరవకముందే వేలు ఎత్తాను. ముందు సీటులోని తండ్రి వెనక్కి తిరిగి, భయమైతే గట్టిగా అరవమని సలహా ఇచ్చాడు. రెండో మలుపులోనే ఆ సలహా పాటించాను. యతి కనిపించినప్పుడు మా ఆరుగురిలో అందరికన్నా గట్టిగా అరిచినది నేనే. దిగాక వాళ్ళ చిన్నపిల్ల నా అరచేతిలో అరచేయి కొట్టి పోయింది. వాళ్ళ దారి వాళ్ళది, నా దారి నాది.

రాత్రి తొమ్మిదిన్నరకు కోట మీద బాణసంచా మొదలయింది. మా వూళ్ళో అప్పుడు మర్నాటి పొద్దున పది గంటలు. పక్కింటి కాకకు ఫోను చేశాను.

“గంత లొల్లేంది బిడ్డా? ఎవరున్నరు నీతోని?”

“ఒక్కదాన్నే వచ్చిన కాకా, బాణాలు కాలుస్తున్రు.” ఆయన ఏమీ అనకముందే అసలు సంగతి చెప్పాను. “మిరుగు పది పదిహేను దినాలల్ల వస్తది గద. మిద్దె మీద మన్ను పోయించాలె. పైసలు పంపుత.”

అవతల కాసేపు చప్పుడు లేదు. ఇల్లు అమ్ముతున్నామన్న కబురు ఆయనదాకా ఎప్పుడో చేరి వుంటుంది. తరవాత గొంతు సవరించుకుని పనిలోకి దిగాడు.

“రెండు ట్రాక్టర్ల మన్ను పడ్తది. నడిమింట్ల దూలం ఒకటి చెద పట్టింది. మన్ను పోసే ముందుగాల దాన్ని మార్పియ్యాలె.”

“మార్పియ్యి కాకా.”

తమ్ముడు గేటు బయట చెప్పిన చోటే కారుతో వున్నాడు. నేను కూర్చోగానే సీటుబెల్టు పెట్టుకున్నానో లేదో చూశాడు. దారిలో దూలం సంగతి చెప్పాను. వాడు వెంటనే ఏమీ అనలేదు. రెండు సిగ్నళ్ళు దాటాం.

“టేకుదే వేయించుమను కాకను” అన్నాడు చివరకు. “దూలం పైసలు నేనిస్త.”